పాచికుంట శ్రీరంగం

మా శ్రీరంగం బావకు "కాదు" అనడం రాదు. తెలుగు, గోండీ, హల్బీ, హిందీ, నాలుగు భాషలు గడగడా మాట్లాడతాడు. నాలుగింటిలోనూ ఆ ఒక్క మాట మాత్రం నేర్చుకోలేదు. ఎవరు ఏ సలహా ఇచ్చినా, ఇచ్చినవాడు వైద్యుడైనా వీధిన పోయే వెర్రివాడైనా, బావ శ్రద్ధగా విని, తల పంకించి, "అది గూడ జేద్దాం" అంటాడు. అని ఊరుకుంటే మనకేం బాధ? చేస్తాడు! అన్నీ చేస్తాడు! చేశాక సలహా ఇచ్చినవాడి గుమ్మానికి పనిగట్టుకుని వెళ్లి, "నీ మందే పనిచేసింది" అని చెప్పి మరీ వస్తాడు.

ఇది బస్తర్ రాజ్యం ఉన్న రోజుల మాట. భోపాల్‌పట్నంలో బావకు ఉప్పూ బట్టలూ అమ్మే దుకాణం ఉండేది. ఒక ఏడు ఆయనకు పంటి నొప్పి వచ్చింది. దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ నోరు తెరిచి చూపించాడు. పదకొండు మంది పదకొండు మందులు చెప్పారు. లవంగం పెట్టాడు, పొగాకు నమిలాడు, ఉప్పునీళ్లు పుక్కిలించాడు, కాల్చిన ఉల్లిపాయ బుగ్గకు కట్టాడు, కుడివైపు పన్నుకు ఎడమ చెవిలో వెల్లుల్లి రసం పిండించుకున్నాడు. చివరికి ఎవరో చెప్పారని పంటికి దారం కట్టి, ఆ దారం రెండో కొస ఎద్దు కొమ్ముకు కట్టాడు. పన్ను ఊడింది. కాకపోతే అది నొప్పి పన్ను కాదు, దాని పక్కది. మర్నాడు వాచిన బుగ్గతో పదకొండు ఇళ్లూ తిరిగి అందరికీ దండాలు పెట్టి వచ్చాడు.

"ఏంది బావా, నొప్పి తగ్గిందా?" అని అడిగాను.

"యాడ తగ్గింది బామ్మర్దీ! గానీ పాపం, అంత ఆలోచన జేసి చెప్పిన్రు గదా."

నేను ఆయన బామ్మర్దిని. పేరు ధర్మయ్య. ఆయన భార్య మహాలక్ష్మి మా అక్క. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఊళ్లో కొందరు అంటారు. అలా అన్నవాళ్లతో నేను మాట్లాడను. కాబట్టి భోపాల్‌పట్నంలో నేను మాట్లాడేవాళ్లు బహు కొద్దిమంది.

అసలు నేను అక్క ఇంటికి చేరిన కారణం వేరు. ఇంద్రావతి మీద నాకొక పడవ ఉండేది. అది రాయికి కొట్టుకుని మునిగింది. నేనూ నా మనుషులూ ఈది గట్టెక్కాం. పడవ గట్టెక్కలేదు. నాలుగు రోజులుండి పోదామని అక్క ఇంటికి వచ్చి, వెనక గదిలో మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాను. నాలుగు రోజులు కాస్తా నాలుగు నెలలయ్యాయి. గడ్డం పెరిగింది. ఆ గోడ మీద ఎన్ని పగుళ్లున్నాయో నాకు కంఠతా వచ్చేసింది. అక్క అన్నం పళ్లెం తెచ్చి పెట్టేది, కాసేపటికి అదే పళ్లెం అట్లాగే తీసుకుపోయేది, వంటింట్లో కూర్చుని ముక్కు చీదేది.

బావ నన్ను ఒక్క మాట అనలేదు. ఒకనాడు పొద్దున మాత్రం నా తలగడ పక్కన ఒక మట్టికుండ తెచ్చి పెట్టాడు. అందులో ఏదో తపతపమంటోంది. తల తిప్పి చూస్తే వేలెడంత చేపపిల్లలు, ఒక నలభై ఉంటాయి.

"హిడ్మా తెచ్చిండు. వీటిని జూసుకునేటోడు లేడు. నాకు దుకాణం సరిపాయె, మీ అక్కకు వంట సరిపాయె. నువ్వు జర చూస్తవా? లేకుంటె సచ్చిపోతయ్," అన్నాడు.

హిడ్మా పొరుగూరి రైతు, దొర్ల తెగవాడు. ప్రతి సంతకూ వచ్చి బావ దగ్గర ఉప్పు తీసుకుంటాడు. బావ ఇంటి గోడలకు మట్టి తవ్విన గుంత ఒకటి పెరట్లో ఉండేది, వానలకు నిండి కుంటయింది. "ఊరికెనే ఉన్నది గద సావుకారీ, చేపలెయ్" అని హిడ్మా అన్నాడట. "అది గూడ జేద్దాం" అని బావ అననే అన్నాడు. అట్లా ఆ కుండ నా తల దగ్గరికి వచ్చింది. చేపపిల్లలు కళ్ల ముందే తేలిపోతుంటే ఎంత కోపిష్టివాడైనా ఎట్లా పడుకుంటాడు? లేచాను. కుండెత్తుకుని పెరట్లోకి నడిచాను. నాలుగు నెలల తర్వాత ఎండ మొహం చూడటం అదే.

ఆ పూట నుంచీ ఆ చేపలు నావి. నేను ఏ పనైనా చేస్తే పూర్తిగా చేస్తాను, సగం సగం నాకు పడదు. పొద్దున తవుడు, మధ్యాహ్నం నూకలు, సాయంత్రం తెలగపిండి, మొత్తం రోజుకు ఒక నిండు గంప. చేపలకు పేర్లు పెట్టాను. పెద్ద మూతి దానికి మా మేనత్త పేరే పెట్టాను. నేను గట్టు మీద నిలబడి "ఆఁ... రాండ్రి" అంటే నలభై మూతులు పైకి లేచేవి. చేపల్ని మేపడంలో నన్ను మించినవాడు బస్తర్ రాజ్యంలోనే లేడని నాకు గట్టి నమ్మకం కుదిరింది. గడ్డం గీయించుకున్నాను. అక్క ముక్కు చీదడం మానేసింది.

శివరాత్రి నాటికి కుంట పచ్చబడింది. ముందు అంచుల్లో నూగులాగా మొదలై, పదిరోజుల్లో పైనంతా దుప్పటి కప్పినట్టు పాచి పట్టేసింది. కింద తీగల్లాగా, పైన మీగడలాగా. తెల్లవారుజామున చేపలు ఊపిరందక పైకొచ్చి నోళ్లు తెరిచేవి. పాపం నీరసంగా ఉన్నాయి కదా అని ఇంకో దోసెడు తెలగపిండి ఎక్కువ వేసేవాణ్ణి. వాసన కూడా మొదలైంది. అక్క ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వంట చేసేది.

సరిగ్గా అప్పుడే దిగాడు సఫాయి దరోగా. జ్వరాలు పెరుగుతున్నాయని ఇళ్ల పెరళ్లు చూడటానికి సర్కారు పంపిన మనిషి. చేతిలో ఒక పొడుగు కర్ర, దాని కొసకు సున్నం. ఆ కర్రను మా కుంటలో ముంచాడు. రెండు వేళ్ల లోతులోనే సున్నం కనబడకుండా పోయింది. పైకి తీస్తే కర్రకు తలపాగా చుట్టినట్టు పాచి వచ్చింది.

"యే క్యా హై? కుంటనా, మచ్ఛర్ల ఇల్లా?" అని దరోగా మొహం మీద ముసిరే దోమల్ని తోలుకుంటూ అరిచాడు. "పూడ్చెయ్. మట్టి పోసి పూడ్చెయ్."

ఈ కుంట పూడిస్తే నేను మళ్లీ ఆ గదిలోకే, ఆ గోడవైపే. అది నాకు తెలుసు, అక్కకు తెలుసు. బావ మాత్రం చేతులు కట్టుకుని, అలవాటు ప్రకారం తల పంకించాడు.

"అది గూడ జేద్దాం సాబ్," అన్నాడు.

"బావా!" అని కేకపెట్టాను.

"జేద్దాం సాబ్. గానీ ఊళ్ల ఇంకా శానమంది సలహాలు చెప్తున్నరు. ముందుగాల చెప్పినోళ్లయి ముందుగాల జెయ్యాలె గదా. మీది వరుసల ఆఖరికి పెడత."

ఆ దరోగా ఉద్యోగంలో ఇట్లాంటి జవాబు ఎన్నడూ విని ఉండడు. నవ్వాలో తిట్టాలో తేలక, చివరికి కర్ర నేలకు కొట్టి చెప్పాడు. దీపావళికి వారం ముందు మళ్లీ వస్తాడట. మూరెడు లోతులో ఈ సున్నం కొస కనబడాలట. కనబడకపోతే నిలబడి మట్టి పోయించి పోతాడట.

ఇక మొదలైంది బావ పాచి యుద్ధం. దుకాణంలో ఉప్పు తూస్తూ, బట్ట కొలుస్తూ, వచ్చినవాడినల్లా అడగడమే. "పాచికి మందేమన్న తెలుసా?" తెలియనివాడు ఎవడుంటాడు? తలనొప్పికీ పాచికీ మందు చెప్పలేనివాడు ఈ భూమ్మీద పుట్టలేదు.

బడిపంతులుగారు చిల్లగింజ చెప్పారు. బిందె లోపల అరగదీస్తే బురదనీళ్లు తేటపడతాయి కదా, కుంటలోనూ అంతేనన్నారు. బావ అడవి నుంచి మూటెడు చిల్లగింజలు తెప్పించాడు. మూడు రోజులు అక్కా, నేనూ, దుకాణానికి వచ్చినవాళ్లూ కూర్చుని రాతి మీద అరగదీశాం. నిజంగానే కుంటలో మట్టి అడుగుకు దిగింది, నీళ్లు అద్దంలా అయ్యాయి. దాంతో ఎండ తిన్నగా అడుగుదాకా పోయింది. అంతవరకూ పైనే ఉన్న పాచి, కొత్త చోటు చూపించారు గదా అని అడుగున కూడా కాపురం పెట్టింది.

బావ పంతులుగారి ఇంటికి వెళ్లాడు. "మీ మందు బ్రహ్మాండంగ పనిచేసింది పంతులుగారూ. పాచి ఎక్కడెక్కడున్నదో ఇప్పుడు మంచిగ కనబడుతున్నది," అన్నాడు. పంతులుగారు ఆ వారమంతా బడిలో పిల్లల్ని కొట్టలేదు.

తర్వాత హుంగే అవ్వ వచ్చింది. సంతలో ఆకుకూరలమ్మే ముసలిది. "బాతులు తింటయ్ బిడ్డా పాచిని," అంది. "అది గూడ జేద్దాం అవ్వా," అన్నాడు బావ. పన్నెండు బాతులు దిగాయి. అవ్వ చెప్పింది అక్షరాలా నిజం, రోజంతా పాచే తిన్నాయి. తిన్నదాన్ని తిరిగి ఆ కుంటలోనే వదిలాయి. పాచికి ఇంతకన్నా బలమైన ఎరువు ఎక్కడ దొరుకుతుంది? వారం తిరిగేసరికి పన్నెండు బాతులూ బలిశాయి, పాచి ఇరవై నాలుగు బాతులకు సరిపోయేంత బలిసింది. పైగా ఆ దొంగ ముండలు నా చేపపిల్లల్ని రెండింటిని మింగాయి. నేను కర్రపుచ్చుకుని తరిమితే ఊళ్లోకి పారిపోయి, జమీందారుగారి దేవిడీ గేటు దాటి లోపలికి వెళ్లి కూర్చున్నాయి. వాటిని అడగడానికి వెళ్లే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.

"నీ బాతులకు యోగమున్నది అవ్వా. ఏకంగ దేవిడీలనే ఉంటున్నయ్," అని బావ హుంగే అవ్వతో చెప్పాడు. అవ్వ పళ్లు లేని నోరంతా తెరిచి నవ్వింది. ఆ నాటి నుంచి సంతలో బావ కొన్న ప్రతి కట్టకూ ఒక కట్ట కొసరు.

ఆ పైన సోమారు. తోంగ్‌పాల్ నుంచి బండి తోలుకొచ్చే మనిషి. "ఎండ ఉంటెనే పాచి. పందిరేసి నీడ చెయ్యి," అన్నాడు. నిజం చెప్పాలి గనక చెబుతున్నాను, ఈ సలహాలో పస ఉంది. కుంట మొత్తం మీద తాటాకుల పందిరి వేయించాడు బావ. పదిరోజుల్లో పాచి నల్లబడి తగ్గడం మొదలైంది. నేను కూడా కొంచెం కోపం తగ్గించుకున్నాను. పదకొండో రోజు సాయంత్రం గాలిదుమారం లేచింది. పందిరి ఎగిరెగిరి పడుతోంది. దారిన పోయేవాడెవడో కేకేసి చెప్పాడు, "పైకెక్కి బరువుగ కూసోండ్రి!" అని.

"అది గూడ జేద్దాం!" అని బావ పందిరెక్కాడు.

"దిగు బావా! నీకు బుద్ధున్నదా?" అని నేను అరుస్తూనే ఉన్నాను. బావ నడిమధ్యకు పోయి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పందిరి ఒక్కసారి మూలిగింది. తాటాకులూ, వాసాలూ, బావా కలిసి కుంటలోకి దిగాయి. కాసేపటికి నీళ్లలోంచి ఒక పచ్చటి ఆకారం లేచి నిలబడింది. నెత్తి నుంచి మోకాళ్ల దాకా పాచి. అక్క దీపం పట్టుకుని వచ్చి, చూసి, కెవ్వుమని లోపలికి పరుగెత్తి తలుపేసుకుంది. మా కుక్క ఆయన్ని మూడు రోజులు నమ్మలేదు. బావ ఆ తడిబట్టలతోనే సోమారు దగ్గరికి పోయాడు. "నీ పందిరి చానా గట్టిది. నన్ను కుంటదాకా మోసింది," అని వచ్చాడు.

నేను తల పట్టుకున్నాను. దరోగా పెట్టిన గడువు కరిగిపోతోంది. వైశాఖం వచ్చేసింది. చేపలు మూడు చచ్చిపోయాయి. మా మేనత్త కూడా నీళ్లపైన పక్కకు ఒరిగి ఈదుతోంది. ఆ రాత్రి నాకు తిండి సయించలేదు. "బావా, ఊరి మాటలన్నీ విని కుంటను సర్వనాశనం జేసినవ్. నా చేపలు సస్తయ్, నేను గూడ ఏదో దారి జూసుకుంట," అని నోటికొచ్చినట్టు అనేశాను. అక్క నా వైపు చూసి, ఆయన వైపు చూసి, కళ్లు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున అంబలి తాగుతూ బావ అన్నాడు, "బామ్మర్దీ, ఇంక రెండు కుంటలు తవ్వుదాం."

"ఏందీ?"

"ఇంక రెండు. దీని పక్కపొంటి."

"ఉన్న పాచికే దిక్కులేదు, దానికి తోడు ఇంకో రెండు పాచికుంటలా? ఏ పుణ్యాత్ముడు చెప్పిండు ఈ సలహా?"

"ఎవరూ చెప్పలే. నాకే తోచింది."

అక్క చేతిలోని గరిటె జారి కిందపడింది. పెళ్లయి పద్దెనిమిదేళ్లలో ఆయనకు సొంతంగా ఒకటి తోచడం అదే మొదటిసారి.

తవ్వాల్సింది ఎవరు? నేనే! "నీ చేపలకు నువ్వు గాక ఎవరు తవ్వుతరు?" అన్నాడు బావ. ఎర్రటి ఎండలో నెలరోజులు తవ్వాను. తిట్టుకుంటూ తవ్వాను. గడ్డపారకు ఒక తిట్టు, తట్టకు ఒక తిట్టు. అరచేతులు బొబ్బలెక్కి, పగిలి, కాయలు కాశాయి. ఆఖరి రోజుల్లో ఊరివాళ్లను సాయానికి పిలిచాం. ఆ వైపు ఆనవాయితీ అది. ఒకరి పనికి పదిళ్లవాళ్లు వస్తారు, పనయ్యాక ఆ ఇంటివాళ్లు కడుపునిండా అన్నం పెట్టి కల్లు పోస్తారు. ఆ సాయంత్రం పాతికమంది బంతిలో కూర్చున్నాం. నేను మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాను. వడ్డిస్తున్న అక్క గరిటె ఆపింది. "నువ్వు తింటున్నవారా తమ్మీ," అని అందరి ముందరా అనేసింది. "ఆకలైతె తినరా ఏంది?" అని కసిరాను.

వానలు పడ్డాయి. రెండు కొత్త కుంటలూ నిండాయి. చేపల్ని మూడింటిలోకీ పంచాం. మూడు కుంటలు కదా, రోజుకు మూడు గంపల మేత కావాలని అడిగాను. బావ వెంటనే ఒప్పుకుంటాడనుకున్నాను. ఆయన పెద్ద ఆలోచనలో పడ్డట్టు గడ్డం గోక్కున్నాడు.

"గంప ఒక్కటె ఉన్నది గద. మళ్ల గంపలల్లెటోడు సంతకు వచ్చినప్పుడు చూద్దాం. అందాక ఈ ఒక్క గంపే మూడింటికి సమానంగ పంచు. ఒక్క గింజ తగ్గొద్దు, ఒక్క గింజ ఎక్కొద్దు."

గంపలల్లేవాడు ప్రతి సంతకూ వస్తూనే ఉన్నాడు. బావ కంటికి మాత్రం ఒక్కసారీ కనబడలేదు.

శ్రావణం పోయింది. భాద్రపదంలో ఒక పొద్దున మేత గంపతో పోయి చూస్తే, పాత కుంట గట్టు పక్కన నీళ్లలో ఒక గులకరాయి కనబడింది. అడుగున ఉన్న రాయి! నేను గంప అక్కడే పారేసి, "అక్కా! బావా! రాయి! రాయి!" అని అరుచుకుంటూ ఇంట్లోకి ఉరికాను. ఎవరో రాయితో కొట్టారనుకుని అక్క పసుపుడబ్బా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. రోజురోజుకూ పాచి తేలి, విడిపోయి, అంచుకు చేరి, ఎండిపోయింది. చేపలు మొదటిసారి తలనుంచి తోకదాకా కనబడ్డాయి. మా మేనత్త జానెడు దాటి మూరకు చేరువైంది.

దీపావళికి వారం ముందు దరోగా చెప్పిన మాట ప్రకారం వచ్చాడు. ఊరు ఊరంతా మా పెరట్లోనే ఉంది. గోడల మీద మనుషులు, జామచెట్టు మీద మనుషులు. దరోగా గట్టున గొంతుక్కూర్చుని కర్ర ముంచాడు. రెండు వేళ్లు. సున్నం కనబడుతోంది. జానెడు. కనబడుతోంది. మూరెడు. తెల్లగా మెరుస్తోంది! దరోగాకు నమ్మకం కుదరలేదు. ఇంకా ముంచాడు. మోచేయి తడిసింది, చొక్కా భుజందాకా తడిసింది, కర్ర అడుగుకు తగిలింది. అప్పటికీ సున్నం కొస కనబడుతూనే ఉంది. మేత వచ్చిందనుకుని మా మేనత్త వచ్చి ఆయన వేలు పట్టుకుంది.

"సాఫ్ హై!" అని దరోగా చెయ్యి విదిలించుకుంటూ లేచి నిలబడ్డాడు. "బిల్‌కుల్ సాఫ్!"

పెరడంతా ఒక్కటే కేక. నేనూ అరిచాను, గంతులు కూడా వేశానంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. బావ దరోగా ముందు నిలబడి దండం పెట్టాడు. "అంతా మీ కర్ర మహిమ సాబ్. మీరు ముంచి పోయిన దినం సంది నీళ్లు తేటపడ్డయ్," అన్నాడు. దరోగా ఆ కర్రను చంటిపిల్లవాడిలా చంకనెత్తుకుని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే వల వేసి సగం చేపలు పట్టి ఊరందరికీ వండించాడు బావ. మేనత్తను మాత్రం ముట్టుకోనివ్వలేదు నేను. చేపల పులుసు ఉడుకుతుంటే, పాచిని ఎవరు గెలిచారన్న దాని మీద గొడవ మొదలైంది. చిల్లగింజ గుణం నెమ్మది మీద తెలుస్తుందని పంతులుగారు. బాతులు ముందే మూలం కొట్టేశాయని హుంగే అవ్వ. పందిరి నీళ్లలో పడ్డాకే పని మొదలుపెట్టిందని సోమారు. ప్రతి ఒక్కరి దగ్గరికీ పోయి బావ, "నీదే, నీ మందే," అని చెవిలో చెప్పి వస్తున్నాడు. అందరూ పక్కవాణ్ణి చూసి పాపం అనుకుని నవ్వుకుంటున్నారు. అంత సంతోషంగా ఉన్న బంతిని నేను మళ్లీ చూడలేదు.

ఒక్క హిడ్మా మాత్రం గోడవార కూర్చుని మూతి ముడుచుకుని ఉన్నాడు. సంత సంతకూ వచ్చి, కుంటలోకి ఒకసారి తొంగి చూసి, మాట లేకుండా పోయేవాడు. నాకన్నా కోపిష్టివాడు ఒకడున్నాడని నాకు ఆయనంటే కొంచెం గౌరవం. ఆకు పట్టుకుని ఆయన పక్కన కూర్చున్నాను.

"ఏంది హిడ్మన్నా, అట్ల కూసున్నవ్?"

"సావుకారి అందరి మాట ఇన్నడు. నా మాట ఒక్కటే ఇనలే."

"మా బావనా? ఆయన ఎవరి మాట కాదంటడు? ఏం చెప్పినవ్ నువ్వు?"

"మేత తగ్గియ్యమన్న. పాచి పట్టిన మొదటి దినమే చెప్పిన. నువ్వు ఏసే మేత ఏనుగుకు సాలు. చేపలు తినంగ మిగిలింది మురుగుతది. ఆ మురుగు తిని పాచి బలుస్తది. దినానికి ఒక్క పిడికెడు ఏస్తె చాలు, కుంట దానంతటదే తేటగైతది అన్న."

నేను ఆకు కింద పెట్టి ఆయన వైపు తిరిగాను.

"బావ ఏమన్నడు?"

"కాదన్నడు."

"కాదన్నడా? మా బావనా? ఏ భాషల అన్నడు?"

"మా గోండీ భాషలనే అన్నడు. సాఫ్‌గ అన్నడు." హిడ్మా ఇప్పటికీ ఆ అవమానం దిగమింగుకోలేక ఆకు వైపు చూస్తూ చెప్పాడు. "'మా బామ్మర్ది చేపలకు మేతెయ్యాలని మంచం దిగుతున్నడు. ఆ గంప జోలికి మాత్రం రాకు హిడ్మా. ఇంకేదన్న మందుంటె చెప్పు' అన్నడు."

నాకు కోపం వచ్చింది. నా మీద రావాల్సిన కోపం, అలవాటు కొద్దీ బావ మీద వచ్చింది. లేచి తిన్నగా ఆయన దగ్గరికి పోయాను. ఆయన పులుసు గుండిగలో ఉప్పు చూస్తున్నాడు.

"బావా! ఆ పాచి నా వల్లనే పట్టిందా?"

"ఎవరన్నరు?" అని గరిటె వైపు చూశాడు.

"హిడ్మా."

"హిడ్మా మంచోడు," అన్నాడు.

"ఒక్క మాట చెప్తె అయిపోయేటిది గద! మేత తగ్గించెటోణ్ణి గద! చిల్లగింజలెందుకు, బాతులెందుకు, పందిరెక్కి పడుడెందుకు?"

"తగ్గించెటోనివి. నేనే చేపల్ని చంపుతున్ననని గంప ఆడ పడేసి మళ్ల పోయి పండుకునెటోనివి. నాకు తెల్వదా నీ సంగతి?" బావ గరిటె కింద పెట్టాడు. "నువ్వు లేచి తిరుగుతుంటె మీ అక్క ఇంత అన్నం తింటున్నది. నువ్వు మమ్ముల తిడుతుంటె ఇల్లు ఇల్లులెక్క ఉన్నది. నాకు పాచి ఒక లెక్కనా బామ్మర్దీ?"

ఏదో ఒకటి అనకపోతే అందరి ముందూ అభాసుపాలయ్యేట్టున్నాను. "అందుకని మేతకు సరిపోను కుంటలే తవ్విస్తవా? అదిగూడ నాతోని? నా చేతులు జూడు!" అని కాయలు కాసిన అరచేతులు ఆయన మొహం ముందు పెట్టాను.

బావ వాటిని పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, చాలా సంతోషంగా చూసుకున్నాడు. "మంచిగైనయ్," అన్నాడు.

మర్నాడు నేను హిడ్మా ఊరికి పోయి, వాళ్ల మనుషులందరి ముందూ, ఆయన మాటే నిజమని ఒప్పుకుని వచ్చాను. అది నాకు ఎంత కష్టమో నన్ను ఎరిగినవాళ్లకే తెలుసు. ఆనాటి నుంచి రోజుకు పిడికెడే మేత. పిడికెడు వెయ్యడానికి ఎంతసేపు పడుతుంది? పొద్దంతా ఖాళీగా మిగిలింది. పొరుగూళ్లవాళ్లు కుంటలు తవ్వుకుంటూ నన్ను పిలవడం మొదలుపెట్టారు. పోయి చెప్పేవాణ్ణి, తవ్వి చూపించేవాణ్ణి, మాట వినకపోతే తిట్టేవాణ్ణి. రెండేళ్లు తిరిగేసరికి చుట్టుపక్కల కుంటకు పాచి పట్టిందంటే కోపం ధర్మయ్యను పిలవమనేవారు.

పోయిన చోట కుంట గట్టున గంపలకొద్దీ మేత కుమ్మరిస్తున్నవాడు కనబడితే నోటిదాకా వచ్చిన తిట్టు ఆపుకుంటాను. ముందు ఇంట్లో ఆడవాళ్లను పక్కకు పిలిచి, ఇతను ఎట్లా ఉంటాడు, సరిగా తింటున్నాడా, మంచం దిగి ఎన్నాళ్లయిందని నెమ్మదిగా అడుగుతాను. వాళ్లు చెప్పేదాన్ని బట్టి ఆ తర్వాత మేత సంగతి మాట్లాడతాను. ఇప్పటికి ముగ్గురి చేత మేత తగ్గించకుండానే రెండేసి కుంటలు తవ్వించాను.